కథ ఒకరిది, కుర్చీ ఇంకొకరిది: ఆఫ్రికా భాషల చదువుకు వెనక ఉన్న చరిత్ర

1948లో జొహానెస్‌బర్గ్‌లోని విట్‌వాటర్స్‌రాండ్ విశ్వవిద్యాలయం ఒక జూలూ–ఇంగ్లిషు నిఘంటువు వేసింది. దాని మీద రెండు పేర్లున్నాయి: క్లెమెంట్ డోక్, బెనెడిక్ట్ విలకాజి. డోక్ బంటు భాషల (జూలూ లాంటి ఆఫ్రికా భాషల కుటుంబం) శాఖకు ఆచార్యుడు. విలకాజి జూలూ కవి, నవలాకారుడు. 1946లో డాక్టరేట్ కూడా పొందాడు, దక్షిణాఫ్రికా నల్లవాళ్లలో ఆ పట్టా అందుకున్న మొదటివాడు ఆయనే. అయినా 1930ల్లో ఆ శాఖలో చేరినప్పుడు ఆయనకిచ్చిన ఉద్యోగం పేరు ‘భాషా సహాయకుడు’. తెల్ల విద్యార్థులకు నల్లవాడు పాఠం చెప్పడమా అని అప్పట్లో గొడవ కూడా జరిగింది. నిఘంటువు అచ్చయ్యేనాటికి విలకాజి లేడు. 1947లో, 41 ఏళ్లకే పోయాడు.

ఆఫ్రికా భాషలు, మౌఖిక సాహిత్యం చదివి ఉద్యోగం చేసుకోవాలనుకునేవారికి ఇప్పటికీ ఎదురయ్యే చిక్కు ఈ ‘సహాయకుడు’ అన్న మాటలోనే ఉంది. భాష తెలిసినవాడు ఒకడు, ఆ భాష మీద అధికారం ఉన్నవాడు ఇంకొకడు. బ్రౌన్ దొర కొలువులో పనిచేసిన పండితుల సంగతి తెలిసిన తెలుగువాళ్లకు ఇదేమీ వింతగా తోచదు.

దీని మొదలు కేప్‌టౌన్‌లో కనిపిస్తుంది. ‘బంటు’ అన్న పేరును భాషాశాస్త్రంలోకి తెచ్చిన జర్మన్ పండితుడు విల్హెల్మ్ బ్లీక్ 1870లో బ్రేక్‌వాటర్ జైలు నుంచి ఖైదీలను తన ఇంటికి తెచ్చుకోవడం మొదలుపెట్టాడు. వాళ్లు ఎడారి ప్రాంతపు వేట జనం. పశువుల దొంగతనం లాంటి నేరాల మీద జైలుకొచ్చినవాళ్లు. వాళ్ల భాష ‘ఖామ్’, ఆ పేరే నాలుక చప్పుడుతో మొదలవుతుంది. జాలిపడ్డప్పుడు మనం ‘చ్చొచ్చొ’ అంటామే, దాదాపు ఆ చప్పుడే. వాళ్లలో పెద్ద కథకుడు కాబో. ఆయన పేరు ముందు వచ్చే చప్పుడు వేరు. బండివాడు ఎద్దును అదిలించేటప్పుడు బుగ్గ పక్క నుంచి చేసే ‘ట్లక్’ లాంటిది.

రాసే పనిలో ఎక్కువ భాగం బ్లీక్ భార్యకు అక్క అయిన లూసీ లాయిడ్‌ది. నోటుబుక్కులో ఒక పేజీలో మూలం, దాని పక్కనే ఇంగ్లిషు. ఎదుటి పేజీ ఖాళీగా వదిలేవారు, తరవాత గుర్తొచ్చిన వివరాల కోసం. అలా సుమారు 12,000 పేజీలు పోగయ్యాయి. తమ కథలు పుస్తకాల ద్వారా లోకానికి తెలుస్తాయంటే కాబో సంతోషించాడని లాయిడ్ రాసింది. ముసలితనంలో పొట్టపోసుకోవడానికి తనకిస్తామన్న తుపాకీ గురించీ కాబో చెప్పుకున్నాడు. బ్లీక్ 1875లో చనిపోయాక లాయిడ్ ఆ పని కొనసాగించింది, కాని 1880లో ఆమెను గ్రంథాలయ ఉద్యోగంలోంచి తీసేశారు. పుస్తకం 1911లో వెలువడింది. ఆ భాష ఇప్పుడు మాట్లాడేవాళ్లు లేరు.

చేత్తో రాసుకోవడంలో ఒక లోపం ఉంది. కలం వెనకబడకుండా ఉండాలంటే కథకుడు ఆగి ఆగి చెప్పాలి. అలా చెప్పినప్పుడు ముందుగా జారిపోయేవి పల్లవులు, వంత పలికే జనం మాటలు, ఒకే వాక్యాన్ని నాలుగైదుసార్లు తిప్పి చెప్పే ఊపు. ఆ తరవాత పోయేవి ‘దబ్బున’, ‘గిర్రున’ లాంటి మాటలు. బంటు భాషల్లో ఇవి వందల కొద్దీ ఉంటాయి. వీటికి ‘ఐడియోఫోన్’ అని 1935లో పేరు పెట్టినవాడు పైన చెప్పిన డోకే. ఇవన్నీ రాలిపోయాక కాగితం మీద మిగిలిన ఎముకల గూడు చూసి, ‘ఆఫ్రికా కథలు పిల్లల కథల్లా సాదాగా ఉంటాయి’ అని తీర్పులిచ్చారు. మైనపు గొట్టాల మీద ధ్వని పట్టే యంత్రం వచ్చినా ఒక్కో గొట్టం రెండు మూడు నిమిషాలకే నిండిపోయేది. రాత్రంతా సాగే కథకు అదేం సరిపోతుంది?

1956లో కాంగో తూర్పు అడవుల్లో న్యాంగా కథకుడు రురెకె పన్నెండు రోజులపాటు మ్విండో వీరగాథను చెప్పి, పాడి, ఆడి చూపించాడు. బెల్జియం మానవశాస్త్రవేత్త డేనియల్ బీబుయిక్ దాన్ని రాయించాడు. 1969లో పుస్తకంగా వచ్చినప్పుడు ఆయన పేరు పక్కన కహోంబో మతీనె పేరుంది. న్యాంగా భాష మాతృభాషగా ఉన్న పండితుడాయన. ఇక్కడ కూడా సహాయకుడనే అనుంటే ఎవరూ అడిగేవాళ్లు కారు. కానీ సహ సంపాదకుడిగా పేరు వేశారు. ఆ మరుసటి ఏడే రూత్ ఫినెగన్ ఆఫ్రికా మౌఖిక సాహిత్యం మీద పెద్ద గ్రంథం తెచ్చింది. సియెర్రా లియోన్‌లో లింబా జనం మధ్య పనిచేసిన మనిషి ఆమె. ఈ రంగానికి ఆ పుస్తకమే పునాది. అయితే సహారాకు దక్షిణాన ఇతిహాసం అనదగ్గది దాదాపు లేదని అందులో ఒక మాట అంది. నైజీరియా పండితుడు ఇసిడోర్ ఓక్పెవో 1979లో ఏకంగా ఒక పుస్తకంతో దానికి జవాబిచ్చాడు. ఆ వాదన వల్ల ఎంతోమంది టేప్‌రికార్డరు పట్టుకుని ఊళ్లమీద పడ్డారు. అది మంచే జరిగింది.

ఈలోగా ఆఫ్రికా భాషలకు ఆచార్య పీఠాలు అమెరికాలో పుట్టాయి. 1958 నాటి జాతీయ రక్షణ విద్యా చట్టం కింద విదేశీ భాషల బోధనకు డబ్బొచ్చింది. చట్టం పేరులోనే ‘రక్షణ’ ఉందని గమనించాలి, ప్రేమతో వచ్చిన డబ్బు కాదది. ఖోసా నవలాకారుడు ఎ.సి. జోర్డాన్ కేప్‌టౌన్‌లో బోధించేవాడు. 1961లో మళ్లీ తిరిగి రాకూడదన్న షరతు మీద దేశం విడిచిపెట్టి, విస్కాన్సిన్‌లో ఆఫ్రికా భాషల బోధనకు పాదులు వేశాడు. సొంత ఊళ్లో దొరకని పీఠం మంచు పడే మాడిసన్‌లో దొరికింది.

1968 అక్టోబరులో కెన్యాలోని నైరోబీ యూనివర్సిటీ కాలేజీలో న్గూగీ వా థియోంగో, హెన్రీ ఓవూర్ అన్యుంబా, తబాన్ లో లియోంగ్ కలిసి ఇంగ్లిషు శాఖను రద్దు చేయమని లేఖ పెట్టారు. సాహిత్య శాఖ కావాలి, దాని నడిమధ్య ఆఫ్రికా మౌఖిక సాహిత్యం ఉండాలి అన్నది వాళ్ల పట్టు. అది నెగ్గింది. పియో జిరిము అనే ఉగాండా పండితుడు ‘ఆరేచర్’ అన్న మాట పుట్టించాడు. ‘మౌఖిక సాహిత్యం’ అంటే అక్షరం ఉన్న సాహిత్యానికి పిల్లకొమ్మ అన్నట్టుంటుందని ఆయన అభ్యంతరం.

పశ్చిమాన, నైజీరియాలో మాట్లాడే యొరుబా భాషలో కథ ఇంకాస్త ముందుకెళ్లింది. యొరుబావాళ్ల ఇఫా శకునశాస్త్రంలో 256 ఒదులు (అధ్యాయాల్లాంటివి) ఉంటాయి, ఒక్కొక్కదాని కింద లెక్కలేనన్ని పద్యాలు. వాటి మీద పరిశోధన చేసిన వాండె అబింబొలా స్వయంగా ఇఫా పూజారి. 1982 నుంచి 1989 దాకా ఇఫె విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్. చెప్పేవాడూ ఆయనే, కుర్చీలో ఉన్నదీ ఆయనే.

ఇక పని మాటకొస్తే, యొరుబాలో ‘ఒకొ’ అనే అక్షరాలను స్వరం మార్చి, అంటే గొంతు ఎత్తీ దించీ పలికితే మొగుడు, పార, బండి, బల్లెం, నాలుగూ వస్తాయి. స్వరగుర్తులు లేకుండా టైపు చేసిన సామెత చిక్కుముడే. గంట రికార్డింగును రాతలోకి దించడానికి పది గంటలు తక్కువ పట్టదు. స్వరాలు గుర్తించి, మాటకు మాట అర్థం రాసి, అనువాదం కూడా చేస్తే ముప్పై నలభై దాటుతుంది. అదీ ఊరివాళ్లను పక్కన కూర్చోబెట్టుకుంటేనే. ఊరు వదిలొచ్చాక మొదలుపెడితే సగం పాదాలు ‘అస్పష్టం’ అని రాసుకోవాల్సొస్తుంది. అందుకే రికార్డు చేసిన వారంలోపే మొదటి ప్రతి తీయాలంటారు. వంత పలికిన జనం గొంతులకు రెండో మైకు, కథకుడి పేరు, చోటు, తేదీ టేపు మొదట్లోనే నోటితో చెప్పి పెట్టడం తప్పనిసరి. పెట్టె మీద అంటించిన చీటీ ఊడిపోతుంది.

ఇంత చాకిరీ చేసి అచ్చువేసిన మూలపాఠానికి పదోన్నతి లెక్కలో దక్కేవి కాసిని మార్కులే. దాని మీద ఇంగ్లిషులో రాసిన సిద్ధాంత వ్యాసానికి ఎక్కువ. నిఘంటువుదీ అదే గతి. చాలా చోట్ల స్వాహిలి, యొరుబా పాఠాలు చెప్పేవాళ్లది ఏడాదికోసారి పొడిగించే కాంట్రాక్టు. పక్క గదిలో ఆ సాహిత్యం మీద సెమినార్ నడిపేవారిది శాశ్వత ఉద్యోగం. ‘భాషా సహాయకుడు’ అన్న బోర్డు మాత్రం ఇప్పుడు ఏ తలుపు మీదా ఉండదు, ‘లాంగ్వేజ్ ఇన్‌స్ట్రక్టర్’ అని ఉంటుంది.