బ్యాడ్ సీఆర్‌సీ అంటే బోర్డు పోయినట్టు కాదు

అనంతపురంలో నా వర్క్‌షాప్‌కు వచ్చేవి ఎక్కువగా సోలార్ డేటా లాగర్లు, డ్రిప్ కంట్రోలర్లు, ఇంజినీరింగ్ విద్యార్థుల ప్రాజెక్టు బోర్డులు. తెచ్చినవారిలో చాలామంది ఫోనులో ఒకే ఫొటో చూపిస్తారు: సీరియల్ కన్సోల్ (బోర్డు పంపే సందేశాలు కనిపించే తెర) మీద ‘బ్యాడ్ సీఆర్‌సీ, యూజింగ్ డిఫాల్ట్ ఎన్విరాన్‌మెంట్’.

అపోహ: ఆ హెచ్చరిక వచ్చిందంటే ఫ్లాష్ చిప్ చెడిపోయినట్టే.

వాస్తవం: దయచేసి ఆ వాక్యం చివరిదాకా చదవండి. దాచిన సెట్టింగులు నమ్మదగినవిగా లేవు, నా దగ్గరున్న డిఫాల్ట్ విలువలతో పని కానిస్తున్నాను అని యూ-బూట్ (బోర్డు ఆన్ కాగానే ముందు నడిచి లినక్స్‌ను లేపే బూట్‌లోడర్) చెబుతోంది. ఫ్లాష్‌లో ఆ సెట్టింగులుండే చోటే ఎన్విరాన్‌మెంట్. ఆ ప్రాంతంలో మొదటి 4 బైట్లు సీఆర్‌సీ32, అంటే డేటా చెడిందో లేదో పట్టిచ్చే లెక్క. రెండు ప్రతులు ఉంచే బోర్డుల్లో దాని వెనుక ఒక ఫ్లాగ్ బైటు. ఆపైన ‘పేరు=విలువ’ జతలు. బూట్ అయ్యేటప్పుడు యూ-బూట్ ఆ జతలుండే భాగం మొత్తానికి సీఆర్‌సీ లెక్కకట్టి పోల్చుకుంటుంది. కుదరకపోతే తన బైనరీలోనే ఉన్న విలువలు తీసుకుంటుంది. కొత్త బోర్డులో, చెరిపిన ఫ్లాష్‌లో ఆ చోటు ఖాళీ కాబట్టి లెక్క కుదరకపోవడం సహజం. ఒకే ప్రతి ఉంచే బోర్డులో సేవ్‌ఎన్వ్ (సెట్టింగులను ఫ్లాష్‌లో రాసే ఆదేశం) నడుస్తుండగా కరెంటు పోయినా ఇదే జరగవచ్చు. ఇందులో చిప్ తప్పేమీ లేదు.

అసలు నష్టం దీనికి ఊళ్లో ప్రచారంలో ఉన్న వైద్యంతో వస్తుంది. ‘ఫ్లాష్ మొత్తం సున్నా నుంచి చెరిపేయండి’ అని ఎవరో చెబుతారు, ఏదో వీడియోలో చూపిస్తారు. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టినట్టు! ఎస్‌పీఐ ఫ్లాష్ నుంచి బూట్ అయ్యే చాలా బోర్డుల్లో మొదట ఉండేది బూట్‌లోడరే. అది చెరిగాక కన్సోల్‌లో ఒక్క అక్షరం కూడా రాదు. ప్రోగ్రామర్ క్లిప్ తగిలించి మళ్లీ రాయాల్సిందే. అప్పటిదాకా బాగున్న బోర్డు అప్పుడు నిజంగా పోతుంది.

కర్నూలు వైపు ఒక ప్లాంటులో పనిచేసే కుర్రాడు లాగర్‌ను తువ్వాలులో చుట్టుకుని బస్సులో వచ్చాడు. దాని ఖరీదు జీతంలో కోస్తారని అతని భయం. ‘అన్నా, చిప్ మార్చాలా?’ అని తప్ప మరో మాట లేదు. కన్సోల్ పెడితే లాగిన్ దాకా చక్కగా వెళ్తోంది. మాక్ అడ్రస్ (నెట్‌వర్క్‌లో పరికరాన్ని గుర్తించే నంబరు) దాచే ఈథ్‌అడ్ర్ విలువ పోవడంతో లినక్స్ ప్రతిసారీ కొత్త మాక్ అడ్రస్ పెట్టుకుంటోంది, తెలియని అడ్రస్‌ను ప్లాంటు స్విచ్ రానివ్వడం లేదు, అంతే. పెట్టె మీది స్టిక్కర్ చూసి అడ్రస్ రాసి, సేవ్‌ఎన్వ్ కొట్టించాను. టీ తాగించి పంపాను, పాపం పొద్దున్నుంచీ ఏమీ తినలేదు.

ఒక జాగ్రత్త. బూట్‌లోడర్ మార్చిన వెంటనే ఈ హెచ్చరిక వస్తే సేవ్‌ఎన్వ్‌కు తొందరపడకండి. కొత్త బిల్డ్‌లో ఎన్విరాన్‌మెంట్ ఆఫ్‌సెట్ (అది మొదలయ్యే చోటు) గానీ సైజు గానీ మారి ఉండవచ్చు. పాత సెట్టింగులు పాత చోట క్షేమంగా ఉంటాయి. మీరు రాయబోయే చోట కెర్నెల్ ఉండవచ్చు. ముందు రెండు బిల్డ్‌ల కాన్ఫిగ్ పక్కపక్కన పెట్టి చూడండి.

అపోహ: సెట్‌ఎన్వ్ (విలువ మార్చే ఆదేశం) కొడితే సేవ్ అయినట్టే.
వాస్తవం: అది ర్యామ్‌లోనే ఉంటుంది. సేవ్‌ఎన్వ్ కొట్టకపోతే రీసెట్‌తో పోతుంది.

అపోహ: యూ-బూట్ అప్‌డేట్ చేస్తే కొత్త బూట్‌సీఎండీ (బూట్‌లో తనంతట తానే నడిచే ఆదేశాలు) దానంతటదే వస్తుంది.
వాస్తవం: రాదు. ఫ్లాష్‌లోని పాత ఎన్విరాన్‌మెంట్ సీఆర్‌సీ సరిగా ఉంటే దాని మాటే చెల్లుతుంది. డిఫాల్ట్‌కు మార్చే ముందు ప్రింట్‌ఎన్వ్ (ఉన్న విలువలన్నీ చూపే ఆదేశం) ఇచ్చినదంతా ఒక ఫైల్లో దాచుకోండి.

అపోహ: లినక్స్ నుంచి ఎన్విరాన్‌మెంట్ ముట్టుకుంటే బోర్డు చస్తుంది.
వాస్తవం: చంపేది ఎఫ్‌డబ్ల్యూ_ఎన్వ్ కాన్ఫిగ్ ఫైల్లో (ఎన్విరాన్‌మెంట్ ఎక్కడుందో, ఎంత సైజో లినక్స్‌కు చెప్పేది) తప్పుగా రాసిన అంకెలు. సైజు తేడా ఉంటే డేటా బాగున్నా సీఆర్‌సీ తప్పే చూపిస్తుంది, ఎందుకంటే లెక్క మొత్తం సైజుకు కడతారు. లినక్స్‌లో విలువలు చూపే ఎఫ్‌డబ్ల్యూ_ప్రింట్‌ఎన్వ్ మీ అసలు విలువలు చూపించిన తర్వాతే వాటిని మార్చే ఎఫ్‌డబ్ల్యూ_సెట్‌ఎన్వ్ జోలికి వెళ్లండి.