ఋషికుల్య తీరంలో తాబేలు జాడ చదవడం

ఒడిశాలోని గంజాం జిల్లాలో ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోట, పురుణబంధ, గొఖరకుద, కంటియాగడ ఊళ్ల ముందు పొడవైన ఇసుక తీరం ఉంది. మామూలుగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుంపుగా వచ్చి గుడ్లు పెట్టేది ఇక్కడే. 2025 ఫిబ్రవరిలో దాదాపు 7 లక్షల తాబేళ్లు వచ్చాయి. గుంపు అసలు రాని ఏడాదులూ ఉన్నాయి. బరంపురం, ఛత్రపురం, గోపాల్‌పూర్ తెలుగువాళ్లలో చాలామంది ఆ గుంపు రాత్రి కోసమే ఎదురుచూస్తారు. కానీ తాబేలు గురించి నిజంగా తెలుసుకోవాలంటే, గుంపు రాని రోజుల్లో, స్థానిక గైడును వెంటబెట్టుకుని తెల్లవారుజామున నడవడం మేలు. డిసెంబర్ నుంచే ఒకటీ అరా తాబేళ్లు గట్టెక్కుతుంటాయి. జంతువు కనిపించకపోయినా, అది రాత్రంతా ఏం చేసిందో ఇసుక మీద ఉంటుంది.

సూర్యోదయానికి ముప్పావుగంట ముందే తీరం చేరాలి. ఎండ ఏటవాలుగా పడుతున్నంతసేపే జాడ అంచుల నీడలు స్పష్టంగా కనిపిస్తాయి. ఎండ నెత్తికెక్కాక ఇసుకంతా ఒకే రంగు. ఆలోపే గాలి, కుక్కలు, మనుషులు కలిసి గుర్తులు చెరిపేస్తాయి. ఒక గైడుకు ఎనిమిది మంది చాలు. అంతకు మించితే వెనకవాళ్లకు మాట వినపడదు, ముందువాళ్లు జాడ తొక్కేస్తారు. తడి ఇసుక మీద, ఒకరి వెనక ఒకరు నడవాలి.

మొదట వెడల్పు కొలవండి. రిడ్లే జాడ సుమారు 70 నుంచి 80 సెంటీమీటర్లు ఉంటుంది. తర్వాత రెండు పక్కల గుర్తులు పోల్చండి. రిడ్లే ఎడమ ముందు తెడ్డు కాలినీ కుడి వెనక తెడ్డు కాలినీ కలిపి వేస్తుంది, ఆ వెంటనే రెండో జతను వేస్తుంది. అందుకే గుర్తులు ఎడమా కుడీ మారుతూ పడతాయి. పచ్చ తాబేలు (గ్రీన్ టర్టిల్ అనే మరో సముద్ర తాబేలు) ముందు కాళ్లు రెండూ ఒకేసారి లాగుతుంది కాబట్టి దాని జాడలో గుర్తులు జంటలుగా, ఎదురెదురుగా ఉంటాయి.

ఇక దిక్కు. ఈ మెట్టు దగ్గరే కొత్తవాళ్లు తడబడతారు. తెడ్డు కాలు ఇసుకను వెనక్కి తోస్తుంది. ఇసుక ఏ వైపు పోగైందో, తాబేలు దానికి ఎదురు వైపు వెళ్లినట్టు. సముద్రం వైపు పోగైతే అది ఎక్కిన జాడ, గట్టు వైపు పోగైతే దిగిన జాడ. రెండు జాడలు ఒకదాన్నొకటి దాటిన చోట పైన ఉన్నదే దిగింది. రెండింటి పొడవు కూడా పోల్చండి. దిగిన జాడ పొడవుగా ఉంటే తాబేలు గట్టు మీద ఉండగా నీరు తీస్తోందని అర్థం. బంగాళాఖాతంలో పోటుకూ పాటుకూ మధ్య ఆరు గంటలు, కాస్త ఎక్కువ. ఆ రోజు ఆటుపోట్ల పట్టిక దగ్గరుంటే తాబేలు ఏ వేళకు వచ్చిందో సుమారుగా చెప్పొచ్చు. గంటసేపు కూర్చుని ఇలా లెక్క కట్టిన పిల్లలు, దూరం నుంచి తాబేలు వీపు చూసి వచ్చినవాళ్ల కన్నా ఎక్కువ నేర్చుకుంటారు.

రెండు జాడల మధ్య ఏముందో చూడాలి. గుడ్లు పెట్టిన చోట ఇసుక వెదజల్లి ఉంటుంది, మధ్యలో నేల కాస్త చదునుగా, గట్టిగా ఉంటుంది. గుంత కప్పాక రిడ్లే తన పొట్ట కవచంతో ఇసుకను దబదబా మోది అదమడమే దీనికి కారణం. ఎగజల్లిన ఇసుక లేకుండా జాడ వంపు తిరిగి వెళ్లిపోయినా, తవ్విన గుంత తెరిచే ఉన్నా అది ఉత్త రాక. కుక్క ఎదురైనా, టార్చి వెలిగినా, తవ్వుతుంటే గుంత కూలినా, కింద చెట్ల వేళ్లో చెత్తో తగిలినా తాబేలు గుడ్లు పెట్టకుండానే తిరిగిపోతుంది. ప్రతి జాడ చివరా ఒక గూడు ఉంటుందని లెక్కవేస్తే లెక్క తప్పుతుంది.

గూడు ఉందో లేదో తేల్చుకోవడానికి కర్ర గుచ్చకూడదు. గూడు కూజాలా పైన ఇరుకుగా, కింద వెడల్పుగా, సుమారు 45 సెంటీమీటర్ల లోతున ఉంటుంది. అందులో వందకు పైగా గుడ్లు ఉంటాయి. ఒక్క గుడ్డు పగిలినా బూజు, చీమలు మిగతావాటికీ చేరతాయి. పెట్టిన కొన్ని గంటలకే పిండం పెంకు లోపలి పొరకు అతుక్కుంటుంది. ఆ తర్వాత గుడ్డును కదిపినా, తిప్పినా పిండం చనిపోవచ్చు. సంరక్షణ కేంద్రానికి తరలించే గుడ్లను శిక్షణ ఉన్న సిబ్బంది ఆ గడువులోపే, అదే లోతులో పూడ్చేది ఇందుకే. లోతు తగ్గితే ఇసుక వేడి మారుతుంది, వేడిని బట్టి పిల్ల ఆడో మగో నిర్ణయమవుతుంది. సుమారు 30 డిగ్రీలకు పైన ఆడవి ఎక్కువ, కింద మగవి ఎక్కువ.

గుంపు వచ్చిన రోజుల్లో అటవీశాఖ తీరం మీదికి రాకపోకలను అదుపు చేస్తుంది. రేంజ్ కార్యాలయంలో అడిగి, వాళ్లు చూపిన హద్దు దాటకుండా ఉండాలి. గుంపు తరచుగా దక్షిణపు గాలి బలంగా లేచే రోజుల్లోనే వస్తుంది, ఏళ్ల తరబడి వేటకు వెళ్తున్న మత్స్యకారులు ఆ రోజుల్ని కనిపెట్టి ఉంటారు. వాళ్ల మాట వినడం మంచిది. దగ్గరికి అనుమతి దొరికితే తల వైపు వెళ్లకూడదు. వెనక నుంచి, నేలకు వంగి, గుడ్లు పడటం మొదలయ్యాకే చేరాలి. అంతకు ముందు చిన్న కదలికకైనా అది వెనక్కి మళ్లుతుంది. ఫ్లాష్ వద్దు, ఫోన్ తెర కూడా వద్దు. తప్పనిసరైతే మసక ఎర్ర లైటు, అదీ నేల మీదికే.

గుడ్లు పెట్టిన సుమారు 50 రోజులకు పిల్లలు బయటికొస్తాయి. పై ఇసుక చల్లబడటమే వాటికి గుర్తు కాబట్టి ఎక్కువగా రాత్రిళ్లే కదులుతాయి. వెలుగు ఎక్కువగా కనిపించే దిగంతం వైపు పాకుతాయి. చీకటి తీరంలో అది సముద్రమే. ఊరి దీపాలు ఎక్కువైతే గట్టు వైపు పాకి, తెల్లారేసరికి ఎండకూ కాకులకూ బలవుతాయి. వాటిని ఆపడానికే గట్టు వైపు వల కడతారు. వల దగ్గర చిక్కినవాటిని ఏరి నీటి అంచుకు చేర్చేది అటవీ సిబ్బంది, ఊరి స్వచ్ఛంద కార్యకర్తలు. పిల్లను అలల్లోకి విసరకూడదు, తడి ఇసుక మీద వదిలి తానే పాకేలా చూడాలి.

నడకలో చచ్చిన తాబేళ్లు కూడా ఎదురవుతాయి. పిల్లలకు చూపించకుండా దాటేయడం సరికాదు. తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీల్చే జీవి. ట్రాలర్ (పెద్ద వలను లాగుతూ పోయే మరపడవ) వలలో చిక్కి పైకి రాలేకపోతే మునిగి చస్తుంది. అందుకే నవంబర్ 1 నుంచి మే 31 వరకు ఋషికుల్య ముఖద్వారం దగ్గర తీరానికి 20 కిలోమీటర్ల లోపు మరపడవల వేట నిషేధం. ఆ నిషేధం వేట కుటుంబాల సంపాదనను తాకుతుంది. ఆ మాట కూడా గైడు చెప్పాలి. కళేబరాన్ని ముట్టుకోకండి. తారీఖు, చోటు, తోక పొడవు రాసుకుని అటవీ సిబ్బందికి తెలపండి. కవచం దాటి బాగా బయటికి వచ్చిన లావు తోక మగదానిది, పొట్టి తోక ఆడదానిది.

తాబేళ్ల కాలం కాని నెలల్లో అదే చూపును గంజాం జిల్లాలోనే ఉన్న భేట్నోయి, బాలిపదర్ పొలాల్లో కృష్ణజింకల మీద పెట్టొచ్చు. పొలంలో జింక దిగితే మంచిదని అక్కడి రైతులు తరతరాలుగా నమ్మి వాటిని కాపాడుతున్నారు. ఇక్కడ చదవాల్సింది పెంటికల్ని. నల్ల మగజింక తన హద్దులో ఒకే చోట పదేపదే పెంటికలు వేసి కుప్ప చేస్తుంది, మేస్తూ పోయే మేకలవి దారి పొడవునా చెల్లాచెదురుగా ఉంటాయి. తాజా కుప్ప కనిపిస్తే గట్టు మీదే ఆగి, బైనాక్యులర్‌తో చుట్టూ వెతకండి. చేలోకి దిగితే పంట పాడవుతుంది, మందా చెదురుతుంది.