"గ్యాసేనండి డాక్టరమ్మా!" పొత్తికడుపు నొప్పి: అపోహలు - వాస్తవాలు

ఒడిశా-ఆంధ్ర సరిహద్దులోని పర్లాకిమిడిలో మా క్లినిక్‌కి సగం మంది పాతపట్నం, మెళియాపుట్టి వైపు నుంచి వస్తారు. తక్కినవాళ్లు కాశీనగర్, గుణుపురం వైపువాళ్లు. తెలుగులో పొత్తికడుపు అన్నా, ఒడియాలో తలిపేట అన్నా చెయ్యి పెట్టి చూపించే చోటు ఒకటే. అది చూపించేలోపే నొప్పికి పేరు కూడా పెట్టేస్తారు: గ్యాస్, వేడి, బొడ్డు జారడం. నాకు ఆ పేరుతో పనిలేదు. ఎప్పుడు మొదలైంది, ఎక్కణ్ణుంచి ఎక్కడికి పాకింది, తోడుగా ఇంకేం వచ్చాయి, ఇవి చెబితే చాలు.

అపోహ: అపెండిక్స్ అయితే కుడిపక్క నొప్పి రావాలి. బొడ్డు చుట్టూ వస్తే గ్యాసే.

వాస్తవం: చాలామందికి అది బొడ్డు చుట్టూనే మొదలవుతుంది. వాపు పెరిగి పొట్ట లోపలి పొరకి తగిలాక, కొన్ని గంటల్లోనో ఒక రోజుకో కుడివైపు కిందకి దిగుతుంది. అన్నం సయించదు, వాంతి, కాస్త జ్వరం. నేను మొదట అడిగేది "ఆటోలో ఎలా వచ్చారు?" అని. గొయ్యి వచ్చినప్పుడల్లా పొట్ట పట్టుకుని అరిచాడంటే నాకు అనుమానం బలపడుతుంది. వాచిన పొర కుదుపు ఓర్చుకోలేదు. పైసా ఖర్చు లేని పరీక్ష, మన రోడ్లే చేసిపెడతాయి.

ఇలాంటప్పుడు ఇంట్లో ఆముదం పట్టిస్తారు. దయచేసి వద్దు. లోపల వాపు ఉన్నప్పుడు విరేచనాల మందు వేస్తే అపెండిక్స్ పగిలే ప్రమాదం ఉంది.

అపోహ: రాత్రంతా గిలగిల్లాడాడు, తెల్లారేసరికి తగ్గింది. గండం గడిచినట్టే.

వాస్తవం: పగిలిన అపెండిక్స్ కూడా కాసేపు హాయినిస్తుంది, బిగుతు ఒక్కసారిగా వదులుతుంది కనక. ఒకాయన అలాగే "తగ్గిపోయిందండి, మా ఆవిడ పోరు పడలేక వచ్చాను" అంటూ బెంచీ మీద కూర్చుని టీ తాగుతున్నాడు. పొట్ట మీద చెయ్యి వేస్తే చెక్కలా ఉంది. నాడి పరుగులు పెడుతోంది. ఆ టీ సగంలోనే ఆపించి బరంపురం పంపాం.

అపోహ: పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నాక ఇక గర్భం మాటే లేదు.

వాస్తవం: పొత్తికడుపు నొప్పితో కోడలొస్తే మూత్ర పరీక్ష చేయిస్తానంటాను. అత్తగారికి కోపం: "ఆపరేషనైపోనాది కదమ్మా, ఇంక కడుపేటి?" నిజమే, ఆపరేషన్ విఫలమవడం అరుదు. కానీ విఫలమైతే గర్భం గర్భసంచిలో కాకుండా అండం వచ్చే ట్యూబులోనే నిలిచే ముప్పు మామూలు కంటే ఎక్కువ. అది పగిలితే లోపలే రక్తం పోతుంది. నెల తప్పడం, లేదా కొద్దికొద్దిగా మరక కనపడటం, ఒక పక్క నొప్పి, కళ్లు తిరగడం, ఒక్కోసారి భుజం చివర నొప్పి. భుజానికీ పొట్టకీ ఏం సంబంధం అనుకుంటారు. లోపల కారిన రక్తం ఊపిరితిత్తుల కింది పొరకి తగిలితే నొప్పి భుజంలో తెలుస్తుంది. ఆ మరకని "ఈ నెల కొంచెమే అయింది" అని సరిపెట్టుకోవడమే నాకు భయం.

అపోహ: మగపిల్లాడికి కడుపునొప్పంటే తిండి పడకే.

వాస్తవం: ఇది మాత్రం తల్లులు గుర్తుపెట్టుకోండి. వృషణం మెలిపడితే కొందరు పిల్లలు పొత్తికడుపు నొప్పనే చెబుతారు, అసలు చోటు చెప్పడానికి సిగ్గు. నేను ఆడదాన్ని, పక్కన అమ్మ. ఇంక వాడు నోరు విప్పుతాడా? మా కాంపౌండర్‌ని పంపి అడిగిస్తాను. సుమారు 6 గంటల్లో ఆపరేషన్ జరిగితే వృషణాన్ని కాపాడే అవకాశం బాగా ఉంటుంది. తర్వాత గంటగంటకీ తగ్గిపోతుంది.

అపోహ: మూత్రంలో మంట వేడి వల్లే, సబ్జా తాగితే చాలు.

వాస్తవం: తాగండి, మంచిదే. కానీ చాలాసార్లు అది ఇన్‌ఫెక్షన్. చలిజ్వరం, నడుం పక్కల నొప్పి తోడైతే కిడ్నీ దాకా పాకిందని అర్థం. గర్భిణులైతే ఒక్కరోజు కూడా ఆగొద్దు.

అపోహ: రాళ్లకి బీరు, నొప్పికి బిళ్ల.

వాస్తవం: బీరు రాయిని కరిగించదు. 5 మిల్లీమీటర్ల లోపు రాయి చాలావరకు దానంతటదే పోతుంది, ఆ క్రెడిట్ బీరు కొట్టేస్తుంది. డైక్లోఫెనాక్ లాంటి బిళ్లలు మెడికల్ షాపులో అడిగి రోజూ మింగితే కిడ్నీకే చేటు. ఊరూరా కిడ్నీ జబ్బులున్న ఉద్దానం పక్కనే ఉండగా మనకి ఇది వేరే చెప్పాలా?

అపోహ: నెలసరి నొప్పి పెళ్లయితే పోతుంది.

వాస్తవం: బడి మానేయించేంత నొప్పికి పెళ్లి మందు కాదు. ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటిది సంచి బయట పెరిగే జబ్బు) కావచ్చు, చూపించండి.

సరే, ఎప్పుడు పరుగెత్తాలి? నొప్పి ఉన్నట్టుండి తీవ్రంగా వస్తే, పొట్ట గట్టిపడితే, వాంతులు ఆగకపోతే, జ్వరం ఉంటే, కళ్లు తిరిగితే, మలంలో రక్తం పడితే, మూత్రం గానీ గ్యాస్ గానీ బిగిసిపోతే తెల్లారేదాకా ఆగకండి. గర్భిణి అయినా, నెల తప్పినా అంతే. సరిహద్దుకి ఇటైనా అటైనా 108 నంబరు ఒకటే.

వచ్చేటప్పుడు ఏమీ తినిపించకండి, ఆపరేషన్ అవసరం పడొచ్చు. పాత స్కాన్ కాగితాలు, మింగిన బిళ్లల అట్టలు, ఆఖరి నెలసరి తేదీ తీసుకురండి. ఆముదం పట్టించి ఉంటే అదీ చెప్పండి, నేనేం తిట్టను.