కాపలావాడా, ఇంటి పెద్దా? జువెనైల్ హోం సిబ్బంది వెనకటి కథ

ఏ జిల్లాలో జరిగినా ఈ వార్త ఒకే తీరుగా ఉంటుంది. ‘జువెనైల్ హోం నుంచి బాలురు పరారీ.’ కిటికీ చువ్వలు వంచారనో, అన్నం వడ్డించే వేళ గేటు దాటారనో రెండు వాక్యాలు, పోలీసులు గాలిస్తున్నారని ఒక వాక్యం. చివర్లో అసలు మాట ఉంటుంది: విధుల్లో ఉన్న సూపర్‌వైజర్‌పై వేటు. వరంగల్‌లో ఒక హోం ఉంది, నిజామాబాద్‌లో ఒకటి ఉంది. ఆ సూపర్‌వైజర్ అసలు ఎవరు, ఆ ఉద్యోగం ఎక్కడినుంచి వచ్చింది, అతని నుంచి మనం ఏం ఆశిస్తున్నాం అన్నది ఆ వార్తలో ఎన్నడూ ఉండదు.

మన ఇళ్లలో రెండు మాటలున్నాయి. చేనుకు కాపలా ఉంటాం. పిల్లగాన్ని కనిపెట్టుకొని ఉంటాం. రెండింటికీ చూపు మీదే పని, కానీ ఒకటి ఇంకొకటి కాదు. ఈ ఉద్యోగం పుట్టినప్పటినుంచీ ఆ రెండు మాటల మధ్యే ఊగుతోంది.

ముందు పేరు సంగతి. మనం ‘జువెనైల్ హోం’ అని పిలుస్తున్నది చట్టం ప్రకారం అబ్జర్వేషన్ హోం. కేసు విచారణలో ఉన్న పిల్లల్ని తాత్కాలికంగా ఉంచే చోటు. తప్పు చేసినట్టు తేలినవాళ్లకు స్పెషల్ హోం వేరు. 1986 నాటి జువెనైల్ జస్టిస్ చట్టంలో ‘జువెనైల్ హోం’ అన్న పేరు నిజానికి నేరంతో సంబంధమే లేని పిల్లలది, అంటే దిక్కులేని, ఆలనాపాలనా లేని పిల్లలది. జనం నోట్లో అది తిరగబడి కేసుల్లో ఉన్న పిల్లలకు అంటుకుంది. చట్టం రెండుసార్లు మారినా ఆ పేరు మాత్రం పోలేదు.

ఈ తికమకకు కారణం లేకపోలేదు. ఆ చట్టం కింద విచారణ తేలేదాకా రెండు రకాల పిల్లల్నీ అబ్జర్వేషన్ హోంలోనే ఉంచవచ్చు. కాజీపేట జంక్షన్‌లో రైలు దిగి దిక్కుతోచక తిరుగుతూ దొరికిన పిల్లవాడికీ, సైకిల్ ఎత్తుకుపోయాడని పట్టుబడ్డ పిల్లవాడికీ చట్టం చూపించే తలుపు ఒకటే. 2001 ఏప్రిల్ 1న 2000 నాటి చట్టం అమల్లోకి వచ్చాకే దారులు వేరయ్యాయి. దిక్కులేని పిల్లలు బాలల సంక్షేమ సమితి ముందుకు, కేసుల పిల్లలు జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకు. అంతవరకు ఆ ఇద్దరినీ ఒకే కంటితో చూడమని చెప్పింది సిబ్బందికే.

ఇక ఉద్యోగం పుట్టుక. ఫ్రాన్సులో టూర్ పట్టణం దగ్గర మెట్రే అనే చోట 1840లో నేరం చేసిన మగపిల్లల కోసం ఒక వ్యవసాయ కాలనీ మొదలైంది. పిల్లల్ని బ్యారక్‌లలో కాకుండా ఇళ్లలో ఉంచారు. ఇంటికి సుమారు 40 మంది, ఇంటికొక ‘కుటుంబ పెద్ద’. ఈరోజు మన రూల్స్‌లో కనిపించే ‘హౌస్ ఫాదర్’ అనే పోస్టుకు తాతముత్తాతల వరసలో ఉన్నది ఆ పెద్దే. అంతకుముందే, 1833లో, జర్మనీలోని హాంబుర్గ్‌లో ఇంకా చిన్న కుటుంబాలుగా పిల్లల్ని పెంచిన ఆశ్రమం ఒకటుంది. మెట్రేలో నాకు నచ్చేది ఇళ్లు కాదు. మొదటి పిల్లవాడు రాకముందే, 1839లో, సిబ్బందికి శిక్షణ ఇచ్చే బడి తెరిచారు. ముందు పెద్దలకు చదువు, తర్వాతే పిల్లలు. అలాగని మెట్రే పూలతోటేమీ కాదు. మాట విననివాళ్లకు చీకటి గదులూ ఉండేవి.

ఇక్కడ కథ వేరేగా నడిచింది. బ్రిటిష్ ఇండియాలో 1850 నాటి అప్రెంటిస్ చట్టం కింద 10 నుంచి 18 ఏళ్ల పిల్లల్ని యజమానుల దగ్గర పని నేర్చుకోవడానికి కట్టబెట్టేవారు. ఇంగ్లండులో సంస్కరణ బడులు నడిపిన మేరీ కార్పెంటర్ 1866లో ఇండియాకు వచ్చి ఇక్కడి జైళ్లు చూసి, పిల్లలకు వేరే బడులు కావాలని వెంటపడింది. 1876లో, మళ్లీ 1897లో రిఫార్మేటరీ స్కూళ్ల చట్టాలు వచ్చాయి. జైళ్ల మీద వేసిన కమిటీ 1919–20లో పిల్లలకు కోర్టులు, ఆశ్రయాలు వేరుగా ఉండాలని గట్టిగా చెప్పింది. ఆ వెంటనే 1920లో మద్రాసు బాలల చట్టం వచ్చింది, దేశంలో ఆ తరహా చట్టాల్లో మొదటిది అదే. బెజవాడ, గుంటూరు దాని కిందికి వచ్చాయి. ఓరుగల్లు నిజాం రాజ్యం కాబట్టి రాలేదు. మన వైపు హైదరాబాద్ బాలల చట్టం 1951లో వచ్చింది. 1956లో రాష్ట్రం ఒకటైనా చాలాకాలం అటొక చట్టం, ఇటొక చట్టం.

చట్టాలు ఎన్ని మారినా ఈ సంస్థలు చాలాకాలం జైళ్ల శాఖ నీడలోనే ఉన్నాయి. ఇది చిన్న విషయం కాదు. వరంగల్‌లో జైలంటే ఏమిటో చెప్పాల్సిన పని లేదు. 1886 నాటి సెంట్రల్ జైలు, ఎంజీఎం ఆస్పత్రికి దగ్గర్లో ఆ ఎత్తైన గోడ, మూడు నాలుగు తరాలకు తెలుసు. 2021లో సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రి కోసం దాన్ని కూల్చేశారు. ఆ గోడ పోయింది గానీ, గోడ నేర్పిన పని పద్ధతి అంత తొందరగా పోదు. లెక్క పెట్టడం, తాళం వేయడం, తలలు మళ్లీ లెక్క పెట్టడం, రిజిస్టర్‌లో సంతకం. పిల్లల హోముల శాఖ వేరైనా, రాత్రి డ్యూటీ అంటే ఏమిటన్న ఊహ జైలు వార్డర్ దగ్గర్నుంచే వచ్చింది. శాఖ పేరు మాత్రం చాంతాడంత: జువెనైల్ సంక్షేమం, దిద్దుబాటు సేవలు, వీధి బాలల సంక్షేమ శాఖ. ఆ పేరులోనే మూడు పనులు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి.

మలుపు 1986లో వచ్చింది. దేశంలో ఎన్నో జైళ్లలో పిల్లలు పెద్ద ఖైదీలతో కలిసి మగ్గుతున్నారని జర్నలిస్టు షీలా బర్సే సుప్రీంకోర్టుకు వెళ్లారు. పిల్లల్ని జైల్లో పెట్టొద్దని, చోటు లేదన్న సాకు చెల్లదని కోర్టు గట్టిగా చెప్పింది. అదే ఏడాది, జమ్మూకశ్మీర్ తప్ప, దేశమంతటికీ ఒకే జువెనైల్ జస్టిస్ చట్టం వచ్చింది, 1987 అక్టోబర్ 2న అమలైంది. అప్పుడు మగపిల్లలకు 16, ఆడపిల్లలకు 18 ఏళ్ల హద్దు. 2000 చట్టం ఇద్దరికీ 18 చేసింది.

సిబ్బంది గురించి సూటిగా మాట్లాడింది మాత్రం 1990 డిసెంబర్‌లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన హవానా నియమాలు. పిల్లలున్న చోట సిబ్బంది ఆయుధాలు పట్టకూడదు. వాళ్లను ఏరికోరి తీసుకోవాలి, ఉద్యోగం నిలకడగా ఉండాలి, జీతం సరిపోయేలా ఉండాలి, పిల్లల మనస్తత్వం మీద శిక్షణ ఉండాలి. చదువుతుంటే ఎంత మామూలు మాటలో అనిపిస్తుంది. మన దగ్గర జరిగింది మాత్రం ఉల్టా. 2009లో కేంద్రం సమగ్ర బాలల పరిరక్షణ పథకం తెచ్చింది. డబ్బు వచ్చింది, జిల్లాకొక బాలల పరిరక్షణ యూనిట్ వచ్చింది, కొత్త పోస్టులు వచ్చాయి. కానీ ఎక్కువ భాగం కాంట్రాక్టు పోస్టులే. పథకం ఇప్పుడు మిషన్ వాత్సల్య అయింది, సిబ్బంది మెడమీద రెన్యువల్ కత్తి మాత్రం అలాగే ఉంది. వచ్చే ఏడాది తాను ఉంటాడో లేదో తెలియని మనిషిని పిల్లవాడి నమ్మకం సంపాదించమంటున్నాం.

2012 డిసెంబర్ ఢిల్లీ ఘటన తర్వాత దేశమంతా ఒకే ప్రశ్న మీద నిలబడింది: 16 దాటినవాణ్ణి పెద్దవాడిగా చూడాలా వద్దా? టీవీల్లో మూడేళ్లు అదే. 2015 చట్టం ఆ ప్రశ్నకు జవాబు చెప్పింది. ఘోరమైన నేరాల్లో 16–18 మధ్య వయసువాళ్ల విషయంలో బోర్డు ప్రాథమిక అంచనా వేసి, పెద్దల్లా విచారించేందుకు పిల్లల కోర్టుకు పంపవచ్చు. ఆ గోలలో రాత్రి పదింటికి హోం లోపల ఎవరుంటారన్న ప్రశ్న ఎవరూ అడగలేదు. నాకు కోపం వచ్చేది అక్కడే. శిక్ష గురించి అందరికీ అభిప్రాయం ఉంది, ఆ శిక్ష కాలమంతా పిల్లవాడి పక్కన ఉండేవాడి గురించి ఎవరికీ లేదు.

నిజానికి ఆ చట్టం సిబ్బంది గురించి చాలానే చెప్పింది. పిల్లల్ని వయసును బట్టి, శారీరక, మానసిక స్థితిని బట్టి వేరువేరుగా ఉంచాలి. సంరక్షణలో ఉన్న పిల్లవాణ్ణి సిబ్బంది హింసిస్తే 75వ సెక్షన్ కింద 5 ఏళ్ల వరకు కఠిన జైలు, 5 లక్షల వరకు జరిమానా. క్రమశిక్షణ పేరుతో కొడితే 82వ సెక్షన్: మొదటిసారి 10,000 రూపాయల జరిమానా, మళ్లీ చేస్తే మూడు నెలల వరకు జైలు, ఉద్యోగం కూడా పోవచ్చు. తనిఖీ కమిటీలు మూడు నెలలకోసారైనా హోంకు వెళ్లాలి. ముగ్గురికి తగ్గకూడదు, అందులో ఒక మహిళ, ఒక డాక్టర్ ఉండాలి. 2016 నమూనా నియమాల్లో హౌస్ ఫాదర్, హౌస్ మదర్ విధుల జాబితా ఉంది. పిల్లలతో ప్రేమగా మెలగాలన్నది అందులో రాసిన డ్యూటీ. ప్రభుత్వ నియమాల్లో ప్రేమ అన్న మాట కనిపించే చోట్లు ఎన్నో ఉండవు.

ఇక పరారీ సంగతికి వద్దాం. అదే చట్టం 26వ సెక్షన్ చూడండి. హోం నుంచి పారిపోయిన పిల్లవాడు దొరికితే 24 గంటల్లో బోర్డు ముందు ప్రవేశపెట్టాలి. పారిపోయినందుకు అతని మీద అదనంగా మరో కేసు పెట్టకూడదు. పిల్లలు పారిపోవాలనుకుంటారని, అది నేరం కాదని చట్టానికి తెలుసు. కానీ ఆ రాత్రి డ్యూటీలో ఉన్న ఉద్యోగికి ఆ వెసులుబాటు లేదు. అతనికి మెమో, ఎంక్వయిరీ, సస్పెన్షన్. ఔట్‌సోర్సింగ్ మనిషైతే తెల్లారి నుంచి రావద్దనే మాట.

ఇప్పుడు ఆ ఉద్యోగి స్థానంలో ఉండి ఆలోచించండి. ఒక పిల్లవాడు మూడు రోజులుగా ఎవరితో మాట్లాడటం లేదు, అన్నం ముట్టడం లేదు. దానికి ఏ సూపర్‌వైజరూ సస్పెండ్ కాడు. గేటు తాళం ఒక్క నిమిషం తీసి ఉంటే అవుతాడు. మరి అతని కళ్లు ఎటు చూస్తాయి? తాళం వైపే చూస్తాయి. కొట్టకూడదని తెలుసు, ప్రేమగా ఉండాలని తెలుసు. కానీ టెన్షన్ అంతా లెక్క తప్పకూడదన్నదే. పొద్దున లెక్క సరిపోతే డ్యూటీ బాగా జరిగినట్టు. ఇది మనుషుల చెడ్డతనం అనుకుంటే పొరపాటు. దేనికి దండిస్తామో దానికే మనుషులు భయపడతారు.

2016లో పాత వరంగల్ జిల్లా ముక్కలైంది. 2019లో ములుగు కూడా విడిపోయాక లెక్క ఆరు జిల్లాలకు చేరింది. ఏటూరునాగారం వైపు నుంచి బిడ్డను చూడటానికి వరంగల్ రావాలంటే కూలి తల్లిదండ్రులకు ఒక రోజు పని, బస్సు చార్జీలు పోతాయి. ఇంటివాళ్లు వారానికోసారి వచ్చే పిల్లవాడు ఒక రకం, నెలకోసారి కూడా ఎవరూ రాని పిల్లవాడు ఇంకో రకం. రెండోవాడికి ఆ హోంలో ఉన్న పెద్దమనిషే దిక్కు. విచారణ నాలుగు నెలల్లో ముగియాలని చట్టం, మరో రెండు నెలలు పొడిగించుకోవచ్చు. పద్నాలుగేళ్లవాడికి అది చాలా పొడుగు కాలం.

హన్మకొండ కోచింగ్ సెంటర్లలో చదివే పిల్లలకు ఈ శాఖ పేరు ఒకచోట తగులుతుంది. 2022 డిసెంబర్‌లో వచ్చిన గ్రూప్-2 నోటిఫికేషన్‌లో మొత్తం 783 పోస్టులు. అందులో జువెనైల్ శాఖకు జిల్లా ప్రొబేషన్ ఆఫీసర్ (పిల్లవాడి ఇల్లు, పరిస్థితులు విచారించి బోర్డుకు చెప్పే అధికారి) గ్రేడ్-2 పోస్టులు 11. రాత్రి గేటు దగ్గర కూర్చునే మనిషి కంటే ఇది పై మెట్టు. పరీక్షకు నాలుగు పేపర్లు, 600 మార్కులు: జనరల్ స్టడీస్; చరిత్ర, పాలన, సమాజం; ఆర్థికం; తెలంగాణ ఉద్యమం. పిల్లల మనసు మీద పేపర్ అంటూ లేదు. డిప్యూటీ తహసీల్దార్ రాకపోతే ప్రొబేషన్ ఆఫీసర్ వచ్చినా చాలు అనుకునేవాళ్లే ఎక్కువ, వాళ్లను తప్పుపట్టలేం. మెట్రేలో పిల్లలు రాకముందే పెద్దలకు బడి పెట్టారు. ఇక్కడ పిల్లలు ఎప్పుడో వచ్చి ఉన్నారు.