బిందువుకి నిర్వచనం లేదని రాస్తే సున్నా వేశారు

మా మేనల్లుడు తొమ్మిదో తరగతి, అక్కవాళ్ళు దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటారు. మొన్న స్లిప్ టెస్టులో బిందువు అనగానేమి అని ఒక మార్కు ప్రశ్న వస్తే వీడు "అనిర్వచిత పదం" అని రాసొచ్చాడు, సార్ ఎర్ర పెన్నుతో సున్నా వేసి పక్కన "పొడవు, వెడల్పు లేనిది" అని రాశారు. నేను రాసింది తప్పా మామా అంటాడు. తప్పు కాదురా, నీకూ మీ సార్‌కీ మధ్య 2,200 ఏళ్ళ గ్యాప్ ఉందంతే అన్నా, అక్క నవ్వింది గానీ నేను నిజంగానే అన్నా.

సార్ రాసింది దాదాపుగా పాతకాలపు గ్రీకు గణితవేత్త యూక్లిడ్ మాట. క్రీ.పూ. 300 ప్రాంతంలో ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో ఆయన రాసిన ఎలిమెంట్స్ 13 భాగాలు, అందులో మొదటిది 23 నిర్వచనాలతో మొదలవుతుంది, తర్వాత 5 స్వీకృతాలు (జ్యామితిలో నిరూపించకుండా ఒప్పుకునే మాటలు), 5 సామాన్య భావనలు (అన్నిటికీ వర్తించే అట్లాంటి మాటలే). భాగాలు లేనిది బిందువు, వెడల్పు లేని పొడవు రేఖ అన్నాడు. సరే, మరి భాగం అంటే ఏంటి, పొడవు అంటే ఏంటి? నిఘంటువులో ఒక మాట వెతికితే ఇంకో మాట చూడమంటది, అక్కడికి పోతే మళ్ళీ మొదటి మాటే చూడమంటది, అట్లుంటది ఇది. తమాషా ఏంటంటే నిర్వచనం ఇచ్చాడే గానీ తర్వాత ఏ నిరూపణలోనూ యూక్లిడ్ దాన్ని వాడుకోలేదు.

మన దగ్గర శుల్బ సూత్రాల్లో కూడా జ్యామితి ఉంది, కానీ అది తాడుతో కొలిచి యజ్ఞవేదిక కట్టే పద్ధతి, మేస్త్రి దారం లాగి గోడ లేపినట్టు. దేన్ని నిరూపించకుండా ఒప్పుకోవాలి అనే గొడవ అందులో లేదు. యూక్లిడ్ సంస్కృతంలోకి వచ్చింది 18వ శతాబ్దంలో, జైపూర్ రాజు జైసింగ్ ఆస్థానంలో జగన్నాథ సామ్రాట్ అరబ్బీ నుంచి చేసిన రేఖాగణితం ద్వారా. మా తాత జామెట్రీని రేఖాగణితం అనే అనేవాడు.

అసలు గొడవంతా ఐదో స్వీకృతం దగ్గర. మొదటి నాలుగూ చిన్నవి, రెండు బిందువుల మధ్య గీత గీయొచ్చు, దాన్ని పొడిగించొచ్చు, కేంద్రం వ్యాసార్థం ఇస్తే వృత్తం గీయొచ్చు, లంబకోణాలన్నీ సమానం. ఐదోది మాత్రం చాంతాడంత, రెండు గీతల్ని మూడో గీత కోస్తే ఒక పక్క లోపలి కోణాలు కలిపి రెండు లంబకోణాల కన్నా తక్కువుంటే ఆ రెండు గీతలూ ఆ పక్కనే ఎక్కడో కలుస్తాయి అని. యూక్లిడ్‌కే దాని మీద నమ్మకం లేనట్టుంది, మొదటి 28 ప్రతిపాదనల్లో (అంటే ఒక్కొక్కటిగా నిరూపించిన వాటిల్లో) దాన్ని ముట్టుకోలేదు, 29వ దాంట్లో తప్పక వాడాడు. దీన్ని మిగతా వాటినుంచి రాబట్టాలని ప్రోక్లస్, ఒమర్ ఖయ్యాం, నసీరుద్దీన్ తూసీ లాంటి పాతకాలపు పండితులందరూ తలలు పట్టుకున్నారు. 1733లో సచ్చేరీ అనే పాద్రీ అది తప్పనుకుని మొదలెట్టి ఎక్కడో వైరుధ్యం వస్తదని చాలా దూరం పోయాడు, రాలేదు, చివరికి సరళరేఖ స్వభావానికి ఇది సరిపడదు అని ఆపేశాడు, కొత్త జ్యామితి చేతిలో పెట్టుకుని వదిలేశాడు పాపం. మనం స్కూల్లో చదివే "రేఖ మీద లేని బిందువు గుండా ఒకే సమాంతర రేఖ" అనేది 1795లో ప్లేఫెయిర్ పుస్తకంతో పాపులర్ అయిన రూపం.

హంగేరీలో బోయాయి అనే ఆయన, సమాంతర రేఖల జోలికి పోకురా నా జీవితం అందులోనే పోయింది అని కొడుక్కి ఉత్తరం రాశాడు, కొడుకు వింటాడా, 1832లో ఐదో స్వీకృతం చెల్లని కొత్త జ్యామితి అచ్చేశాడు. రష్యాలో లొబచెవ్‌స్కీ అప్పటికే 1829లో వేసేశాడు. 1868లో బెల్‌ట్రామీ, ఈ కొత్తదాంట్లో వైరుధ్యం ఉంటే యూక్లిడ్‌దాంట్లోనూ ఉన్నట్టే అని తేల్చాడు, అంటే ఐదోది రుజువయ్యేది కాదు, ఒప్పుకునేది.

ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా ట్రైనింగ్ సంస్థ ఉంది కదా, యూక్లిడ్ లెక్క నడవని చోటు ఉంటదంటే అక్కడివాళ్ళకి వింత కాదు, పెద్ద త్రిభుజాలు కొలిస్తే భూమి గుండ్రం వల్ల మూడు కోణాలూ కలిపి 180 కన్నా కొంచెం ఎక్కువొస్తాయి, లెక్కలో సవరించుకుంటారు.

కొత్త జ్యామితి వచ్చాక గణితవేత్తలు యూక్లిడ్‌ని భూతద్దం పెట్టి చూశారు. మొట్టమొదటి ప్రతిపాదనలోనే రెండు వృత్తాలు ఖండించుకుంటాయని బొమ్మ చూసి ఒప్పుకున్నాడు, ఏ స్వీకృతమూ ఆ మాట చెప్పదు. 1882లో పాష్ ఇట్లాంటివి కొన్ని సరిచేశాడు, 1899లో హిల్బర్ట్ అసలు బిందువు, రేఖ, తలం ఏంటో చెప్పనే చెప్పను, వాటి మధ్య సంబంధాలే చెప్తా అని ఐదు గుంపులుగా స్వీకృతాలు రాశాడు. బిందువుల బదులు బల్లలు, కుర్చీలు, బీరు గ్లాసులు అన్నా నడవాలి అనేవాడట. చదరంగంలో గుర్రం ఎట్లా కదుల్తదో చెప్తారు గానీ గుర్రం అంటే ఏంటో చెప్పరు కదా, అట్లా.

అనిర్వచిత పదం అనేది అక్కడి నుంచి మన తొమ్మిదో తరగతి పుస్తకం దాకా వచ్చింది. పాఠం మారింది, కీ పేపర్ మారలేదు, నాకైతే అదే అనిపిస్తుంది.

మార్కు ఇంకా రాలేదు. పుస్తకంలో ఆ వాక్యం కింద గీత గీసి సార్‌కి చూపిస్తా అంటున్నాడు వీడు. గీశాక కాసేపు చూసి, దీనికి వెడల్పు ఉంది కదా మామా అన్నాడు.