కన్ను కమిలింది సరే, రక్తం ఎక్కడిది?

బైక్ మీంచి పడితే నుదుటి మీద బొప్పి కడుతుంది. ఆ పూటకి కళ్లు మామూలుగానే ఉంటాయి. మర్నాడు లేచి అద్దంలో చూసుకుంటే రెప్పలు నల్లగా ఉబ్బి కనిపిస్తాయి. కంటికి దెబ్బే తగల్లేదు కదా అని ఇంట్లో అందరికీ టెన్షన్.

కారణం నుదుటి చర్మం కిందే ఉంది. అక్కడి కండరం కింది అంచు ఎముకకు అతుక్కుని ఉండదు, కనుబొమల చర్మంలో కలిసిపోతుంది. దాని వెనక వదులు పొరలోకి కారిన రక్తం అడ్డేమీ లేక నెమ్మదిగా రెప్పల్లోకి దిగుతుంది. రెప్ప చర్మం ఒంట్లోకెల్లా పల్చన కాబట్టి కాస్త రక్తానికే నల్లబడుతుంది.

ఇలా దిగిన రక్తానికి పెద్ద వైద్యం అక్కర్లేదు. మొదటి ఒకటి రెండు రోజులు గుడ్డలో చుట్టిన ఐస్‌ని, కనుగుడ్డు మీద ఒత్తిడి పడకుండా, పది పదిహేను నిమిషాల చొప్పున పెట్టాలి. తల కాస్త ఎత్తులో ఉంచి పడుకోవాలి. నొప్పికి పారాసిటమాల్ చాలు. మన ఇళ్లలో బొప్పి కనిపించగానే కొబ్బరినూనె రాసి అరచేత్తో గట్టిగా రుద్దుతారు, వేడి కాపడం పెడతారు. తొలిరోజున రెండూ తప్పే. వేడికి రక్తనాళాలు వెడల్పై రక్తం ఇంకా కారుతుంది. లోపల ఎముక చిట్లి ఉంటే రుద్దడం మరీ చేటు. నలుపు కాస్తా ఆకుపచ్చగా, తర్వాత పసుపుగా మారి సుమారు రెండు వారాల్లో పోతుంది. ఆ పసుపు బిలిరుబిన్‌ది, అంటే రక్తకణాలు విరిగితే పుట్టే పసుపు పదార్థానిది. కామెర్లలో కళ్లు పచ్చబడేదీ దానివల్లే.

అయితే అదే నలుపు కపాలం అడుగు ఎముక విరిగినా వస్తుంది. అప్పుడు సాధారణంగా రెండు కళ్లూ కములుతాయి, అదీ దెబ్బ తగిలిన కొన్ని గంటల నుంచి రెండు మూడు రోజుల్లోపు. నలుపు కంటిగూడు అంచు దగ్గర గీత గీసినట్టు ఆగిపోతుంది. తెల్లగుడ్డు మీద ఎర్రటి మరక ఉంటే డాక్టర్ దాని వెనక అంచు కోసం చూస్తారు. అంచు కనబడకపోతే రక్తం కంటి వెనకనుంచి వచ్చిందేమోనని అనుమానించాలి. ముక్కులోంచి గానీ చెవిలోంచి గానీ నీళ్లలాంటి ద్రవం కారుతుంటే అది మెదడు చుట్టూ ఉండే ద్రవం కావచ్చు. సీటీ స్కాన్ తప్పదు. ఈ కారడం చాలామందిలో విశ్రాంతితోనే కొన్ని రోజుల్లో ఆగిపోతుంది. అంతవరకూ ముక్కు చీదకూడదు. అలాంటి రోగికి ముక్కులోంచి గొట్టం కూడా వెయ్యరు, అది విరిగిన చోటునుంచి కపాలంలోకి దూరవచ్చు. అవసరమైతే నోట్లోంచి వేస్తారు.

అసలు తొందర పడాల్సింది మరో చోట. కంటిగూడులో పట్టేది సుమారు 30 మిల్లీలీటర్లు. చుట్టూ ఎముక, ముందు రెప్పలు. కనుగుడ్డు వెనక రక్తం చేరితే పోయే దారి ఉండదు. గుడ్డు ముందుకు పొడుచుకొస్తుంది, నొప్పి పెరుగుతుంది, చూపు మసకబారుతుంది, టార్చి వేసినా కంటిపాప సరిగా కుంచించుకోదు. కంటిలో ఒత్తిడి మామూలుగా 10 నుంచి 21 మి.మీ. (పాదరసం కొలతలో) మధ్య ఉంటుంది. 40 దాటితే ప్రమాదం. దృష్టినరానికి రక్తం అందకపోతే గంటన్నర, రెండు గంటల్లో చూపు శాశ్వతంగా పోవచ్చు. అందుకే ఇక్కడ స్కాన్ కోసం ఆగరు. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, కంటి బయటి మూలను కత్తెరతో కోసి, కింది రెప్పను ఎముకకు కట్టి ఉంచే బంధనాన్ని తెంపుతారు. రెప్ప వదులై గుడ్డు ముందుకు జరగడానికి చోటు దొరుకుతుంది, ఒత్తిడి దిగుతుంది. వినడానికి భయమేస్తుంది గానీ ఆ కోత మానిపోతుంది, పోయిన చూపు తిరిగి రాదు. ఈ పని కంటి డాక్టర్లకే కాక ఎమర్జెన్సీలో ఉండే ప్రతి డాక్టర్‌కీ రావాలన్నది నా అభిప్రాయం. ఒత్తిడి తగ్గించే మందులు ఇస్తారు గానీ వాటిని నమ్ముకుని కోత ఆపకూడదు.

పిల్లల్లో కథ తలకిందులవుతుంది. వాళ్ల కంటిగూడు అడుగు ఎముక పుటుక్కున విరగదు, వంగి మళ్లీ మూసుకుంటుంది. ఆ సందులో కంటిని తిప్పే కండరం ఇరుక్కుంటుంది. నలుపు ఉండదు, ఎరుపూ ఉండదు. పిల్లాడు పైకి చూడలేడు, వాంతులు చేసుకుంటాడు, నాడి నెమ్మదిస్తుంది. వాంతుల్ని తలదెబ్బ ఖాతాలో వేసి ఊరుకుంటే ఇరుక్కున్న కండరం చచ్చుబడుతుంది. దాన్ని విడిపించే ఆపరేషన్ ఒకటి రెండు రోజుల్లోనే జరగాలి.