హార్మోన్ సూది భయం ఒకచోట, అసలు మందు ఇంకోచోట

పశువుల డాక్టర్నని తెలిస్తే చాలు, పెళ్లి బంతిలో కూడా అదే ప్రశ్న: "సారూ, గా బాయిలర్ కోళ్లకు హార్మోన్ సూదులేస్తరట గదా?"

అపోహ: సూదులతోనే కోడి నలభై రోజుల్లో రెండు కిలోలు తూగుతుంది.

వాస్తవం: వర్ధన్నపేట వైపు ఐదు వేల కోళ్ల షెడ్డులో పని చేసేది మొగుడూ పెళ్లాం ఇద్దరే. రోజూ ఒక్కో కోడినీ పట్టి సూది వేసేదెవరు? ఎదుగుదల హార్మోన్ ఒక ప్రోటీన్, దాన్ని మేతలో కలిపితే కడుపులోనే అరిగిపోతుంది. కొక్కెర తెగులు టీకా కూడా కోడిపిల్లలకు కంట్లో చుక్కే. బరువంతా తరతరాలుగా ఏరి తీసిన జాతిది, మక్క-సోయా దాణాది. అమెరికాలో మాంసం పశువుల చెవి చర్మం కింద హార్మోన్ బిళ్లలు పెట్టడం నిజమే. కోళ్లకు అక్కడా అనుమతి లేదు.

అపోహ: యాంటీబయాటిక్ కోడికి కదా, మనకేంది?

మొన్నో షెడ్డుకు పోతే 36వ రోజు కోళ్లు గురక పెడుతున్నాయి. ట్యాంకు నీళ్లు అప్పటికే పచ్చగా ఉన్నాయి, పసుప్పచ్చ యాంటీబయాటిక్ పొడి కలిపేశారు. "ఎల్లుండే లిఫ్టింగ్ సార్, ఇప్పుడు చస్తే ఎట్ల?" అన్నాడు రైతు. లిఫ్టింగ్ అంటే కోళ్లను అమ్మకానికి బండికెత్తడం. వాడాక ఎన్ని రోజులు ఆగి అమ్మాలో డబ్బా మీదే ఉంటుంది. ఆయన చూడలేదు, చూసినా బండి ఆగదు. పైగా గురక వైరస్‌దైతే ఆ పొడి పనే చేయదు. చావని మొండి బ్యాక్టీరియా మాత్రం ఊకలో, ఎరువులో మిగిలి మనిషి దాకా వస్తుంది. ఐసీయూలో చివరి దిక్కుగా వాడే కొలిస్టిన్‌ను ఎదుగుదల కోసం దాణాలో కలిపేవాళ్లు. 2019 జులైలో కేంద్రం దాన్ని పశువులకు, కోళ్లకు నిషేధించింది.

అపోహ: పాలు కాచితే మందు పోతుంది.

హనుమకొండలో ఒక హోటలాయన వరసగా రెండు రోజులు పెరుగు తోడుకోలేదని పాలాయనతో కొట్లాటకు దిగాడు. తీరా చూస్తే ఒక బర్రెకు పొదుగువాపు. చన్నులో యాంటీబయాటిక్ ట్యూబు ఎక్కించిన మర్నాటి నుంచే ఆ పాలు క్యానులో పోశారు. బాగా మరగ కాచిన పాలే, అయినా మందు అందులోనే ఉండి తోడును చంపింది. (పాలు పితికే ముందు బర్రెకు వేసే హార్మోన్ సూది ఆక్సిటోసిన్ సంగతంటారా, అది పాలు పెంచదు, పొదుగులో ఉన్న పాలనే బలవంతంగా దించుతుంది. నష్టం బర్రెకే.)

"మేం నాటుకోడే తింటం సార్" అంటారు కొందరు. నాటుకోళ్లు పెంచేటాయన మొన్న మందుల షాపులో నా ముందే అదే పసుప్పచ్చ పొడి రెండు ప్యాకెట్లు కొన్నాడు.